రిజిస్ట్రేషన్ పూర్తయ్యాక సగానికి కోసిన కమీషన్‌పై ఫిర్యాదు

షాద్‌నగర్,
14 జూలై 2025

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: 200 గజాల ప్లాటు అమ్మకంపై నాకు రావలసిన 60,000 రూపాయల కమీషన్ బకాయి గురించి.

అయ్యా,

నేను తెలంగాణ రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థలో) నమోదైన ఏజెంటును, మీ సంస్థలో అసోసియేట్‌ను. షాద్‌నగర్ దగ్గర మీ డీటీసీపీ (పట్టణ ప్రణాళిక శాఖ) అనుమతి ఉన్న వెంచర్‌లో 200 గజాల ప్లాటును మహబూబ్‌నగర్‌కు చెందిన ఉపాధ్యాయ దంపతులకు అమ్మించాను. 2024 నవంబరులో బుకింగ్, 2025 జనవరిలో రిజిస్ట్రేషన్ జరిగాయి. ఒప్పందం ప్రకారం గజానికి 600 చొప్పున నా కమీషన్ 1,20,000 రూపాయలు. మార్చిలో నా ఖాతాలో పడింది 57,600 రూపాయలు మాత్రమే.

అకౌంట్స్ విభాగాన్ని అడిగితే, బుకింగ్ రోజున టీమ్ లీడర్ సైట్‌లో ఉండి కొనుగోలుదారులతో మాట్లాడారు కాబట్టి సగం ఆయన వాటా అన్నారు. ఈ మాట బుకింగ్ రోజున ఎవరూ అనలేదు, రిజిస్ట్రేషన్ రోజునా అనలేదు. డబ్బు ఇవ్వవలసి వచ్చినప్పుడే బయటికి వచ్చింది. అసోసియేట్ రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే కమీషన్ పంచాలని మన ఒప్పందంలో స్పష్టంగా ఉంది. అలాంటి కాగితం దేనిమీదా నేను సంతకం చేయలేదు. సైట్ విజిట్ ఫారంలో కొనుగోలుదారుల పేర్ల పక్కన ఉన్నది నా పేరు, నా రెరా నంబరు, మీ సైట్ ఆఫీసు ముద్ర.

ఆ దంపతులు సులభంగా నమ్మే మనుషులు కారు. వారి బంధువు ఒకరు ప్రీలాంచ్ (అనుమతులు రాకముందే అమ్మడం) పేరుతో వేరే చోట డబ్బు కట్టి పోగొట్టుకున్నారు. అందుకే ప్రతి కాగితమూ అడిగారు, అడగడం న్యాయమే. ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీలు చూపే పత్రం) తీయించి, లింకు డాక్యుమెంట్లు (పాత యాజమాన్య పత్రాలు), లేఅవుట్ అనుమతి, రెరా నమోదు పత్రం వారి ముందు పెట్టి ఒక్కొక్కటీ వివరించాను. బ్యాంకు అప్పు కోసం లాయరు అడిగిన పత్రాలు మీ ఆఫీసు నుంచి తెప్పించి అందించాను. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సేల్ డీడ్ మీద సంతకాలు అయ్యేదాకా వారి వెంటే ఉన్నాను. టీమ్ లీడర్ మీద నాకు కోపం లేదు. ఆయన ఆ రోజు మర్యాదగా మాట్లాడారు, టీ ఇప్పించారు. అంతమాత్రాన అమ్మకంలో సగం ఆయనది అయిపోదు. ఆయన శ్రమకు ఏదైనా ఇవ్వదలిస్తే మీ వాటాలోంచి ఇవ్వండి.

ఇప్పుడు అసలు సంగతి. మీరు నాకు ఇచ్చిన ఫారం 16ఏ, అంటే పన్ను కోత ధ్రువపత్రం, చూడండి. నా పేరున కోసిన పన్నుల లెక్క చూపే ఫారం 26ఏఎస్‌లోనూ అదే కనిపిస్తోంది. ఈ అమ్మకానికి నా పేరున జమ అయిన కమీషన్ 1,20,000 రూపాయలని, దానిపై 194హెచ్ సెక్షన్ కింద 2 శాతం, అంటే 2,400 రూపాయలు టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే పన్ను) కోశామని మీరే ఆదాయపు పన్ను శాఖకు చెప్పారు. నా వాటా 60,000 రూపాయలే అయితే కోయవలసింది 1,200, నా ఖాతాలో పడవలసింది 58,800. కానీ పడింది 57,600. పన్ను పూర్తి మొత్తంపై కోశారు, చెల్లింపు మాత్రం సగమే చేశారు. చేతికి రాని 60,000 రూపాయలను కూడా నేను రిటర్నులో ఆదాయంగా చూపాలా? ఈ ప్రశ్నకు మీ ఆఫీసులో ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

జీఎస్టీ బిల్లు ఇవ్వలేదని ఆ తర్వాత ఇంకో కారణం చెప్పారు. నా ఏడాది రాబడి నమోదు పరిమితి అయిన 20 లక్షలకు చాలా దూరంలో ఉంది, నాకు జీఎస్టీ నమోదు అవసరం లేదు. పైగా అదే కారణమైతే మొదటి సగం ఎలా ఇచ్చారు?

వేరే ఒప్పందం లేకపోతే అప్పగించిన పని పూర్తయ్యాక ఏజెంటుకు ప్రతిఫలం ఇవ్వాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 219వ సెక్షన్ చెబుతోంది. జనవరిలోనే పని పూర్తయింది. నాకు ఉద్యమ్ (చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే) నమోదు కూడా ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం సూక్ష్మ సంస్థకు చెల్లింపు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి.

నేను కోరేవి ఇవి. బకాయి 60,000 రూపాయలు ఈ లేఖ అందిన 15 రోజుల్లో నా ఖాతాలో వేయండి. ఈ ఫిర్యాదు చేశానన్న కోపంతో ఇదే వెంచర్‌లో నా మరో బుకింగ్‌ను ఆపకండి, అందులో కొనుగోలుదారుల అడ్వాన్సు ఉంది. ఇకపై కమీషన్‌లో ఎవరికైనా వాటా ఉంటే బుకింగ్ ఫారం మీదనే రాసి, ఇద్దరి సంతకాలూ తీసుకోండి. చాలామంది అసోసియేట్ల చేతిలో ఒప్పంద పత్రం నకలు కూడా లేదు. ముఖ్యంగా ఇంటి పనులు చూసుకుంటూ సైట్ల చుట్టూ తిరిగే మహిళలు, సగం కోసినా అడిగితే ఉన్న పనీ పోతుందని నోరు మెదపడం లేదు. వారందరికీ సంతకం చేసిన నకలు ఇప్పించండి.

గడువులోగా డబ్బు రాకపోతే లాయరు నోటీసు పంపి, చిన్న సంస్థల బకాయి తగాదాలు తేల్చే ఎంఎస్ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో వడ్డీతో సహా క్లెయిము వేస్తాను. జవాబు ఫోనులో కాకుండా రాతపూర్వకంగా ఇవ్వండి.

ఇట్లు,
మీ సంస్థ అసోసియేట్

జతపరచినవి: ఒప్పంద పత్రం, సైట్ విజిట్ ఫారం, సేల్ డీడ్ మొదటి పేజీ, ఫారం 16ఏ, మార్చి నెల బ్యాంకు స్టేట్‌మెంటు, ఉద్యమ్ నమోదు పత్రం.