చెక్కు మడిలో పడ్డాను

ఒరేయ్ సూరీ,

ముందు నువ్వు తిట్టాల్సినవన్నీ తిట్టేసుకో, తర్వాత చదువు. నీ వాయిస్ మెసేజీలన్నీ విన్నాను. పాట పాడింది కూడా విన్నాను, దానికి నీ మీద కేసు పెట్టొచ్చు. ఒక్కదానికీ జవాబివ్వలేదు. ఫోన్లో అయితే మనిద్దరం "ఆఁ... ఊఁ..." అనుకుని పెట్టేస్తాం. బాబ్జీ బావ ఎల్లుండి కువైట్ బయల్దేరుతున్నాడు. ఆవకాయ సీసాతో పాటు ఇదీ ఇచ్చి పంపుతున్నాను. కాయితం మీద నూనె మరక పడితే బావనడుగు.

ఇప్పుడు రాత్రి రెండుంపావు. ఇవాళ డెక్సా రోజు, అదే స్టెరాయిడ్ మాత్రలు. పొద్దున్న టిఫిను కాగానే ఐదు మాత్రలు ఒకేసారి మింగాలి. ఇక ఆ రాత్రి నిద్ర రాదు, నోరు మూతపడదు. మీ చెల్లెమ్మ పన్నెండు దాకా విని, పక్క గదిలోకి పోయి గడియ పెట్టుకుంది. అంచేత నువ్వు బలి.

ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తాను. పెద్దది మూడో సంవత్సరంలోకి వచ్చింది. చిన్నాడు నీలాగే లెక్కల్లో పోయాడు. గోదారికి ఎర్రనీళ్లొచ్చాయి, పులస ధర మాత్రం అడక్కు. మన తూర్పు చేల పక్కన రెండు రొయ్యల చెరువులు తవ్వేశారు, నాన్న అటు చూడటం మానేశాడు. సార్వా ఊడ్పులైపోయాయి. నాన్న గట్టు మీద లేకుండా అయిన ఊడ్పులు నాకు తెలిసి ఇవే. అసలు సంగతి అదే.

జబ్బు, అదే ఆ ఎముక మజ్జ క్యాన్సర్ మైలోమా, తిరగబెట్టిందని మీ చెల్లెమ్మ చెప్పే ఉంటుంది. మజ్జ మార్పిడి అయ్యాక నాలుగేళ్లు జబ్బు తిరగబెట్టకుండా రోజూ ఆ లెనాలిడొమైడ్ గుళిక వేసుకుంటూ బాగానే తిరిగాను. మొన్న ఉగాది ముందు రక్తపరీక్షలో ఎం-ప్రోటీను, అదే ఆ క్యాన్సర్ కణాలు వదిలేది, మళ్లీ కనబడింది. నొప్పీ లేదు, గిప్పీ లేదు. కాయితం మీద గీసిన గీతలో చిన్న మిట్ట, అంతే. మూడు నెలలు తిరక్కుండా నడుం పట్టేసింది. అప్పుడు హైదరాబాదు డాక్టరు గారు ట్రయల్ మాట ఎత్తారు. మూడో దశ ట్రయల్. సగం మందికి కొత్త ఇంజెక్షన్, సగం మందికి ఇప్పుడు వాడుకలో ఉన్న మందు. ఆ కొత్తది ఒక చేత్తో క్యాన్సర్ కణాన్నీ, ఇంకో చేత్తో మన రక్తంలో జబ్బులతో పోరాడే టి-కణాన్నీ పట్టుకుని రెండిటికీ ముడేస్తుందట. ఇక కొట్టడం టి-కణం పని. మన పేరయ్య మామ జాతరలో చేసేదే కదరా!

సంతకం రోజుకి బావమరిది రావాలి, రాలేకపోయాడు. నాన్న బయల్దేరాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, నారుమడి వదిలేసి, చేతిలో గొడుగు.

ఒప్పుకోలు కాయితాలు ముప్పై ఒక్క పేజీలు. తెలుగే, కానీ మన తెలుగు మాష్టారు బతికుంటే ఆయనకీ చెమటలు పట్టేవి. "యాదృచ్ఛికీకరణ" అని ఉందిరా ఒకచోట! ఎదురుగా స్టాండు మీద వీడియో కెమెరా. మనకి తెలిసే సంతకం పెడుతున్నామని సాక్ష్యం. 2013 నుంచి వచ్చిన రూలట, ఎవరెవరికి తీయాలో లెక్కలున్నా అక్కడ మాత్రం అందరికీ తీస్తారు. అంతకు ముందు రాత్రే మావయ్య ఫోన్ చేసి, 2009లో ఖమ్మం జిల్లా హాస్టళ్లలో ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకాలేసినప్పుడు తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టిన సంగతి తవ్వి తీశాడు. "నిన్ను ఎలకని చేస్తార్రా" అని. ఆ మాట నాన్న విన్నాడు. ఏమీ అనలేదు.

డాక్టరమ్మ, కుర్రమనిషే, ఓపిగ్గా చదువుతోంది. ఏ మందు ఎవరికన్నది డాక్టరు చేతిలో ఉండదు, మీ చేతిలోనూ ఉండదు, కంప్యూటరు లాటరీ తీస్తుంది అంది. నేను బుర్ర ఊపాను. ఊపితే చాలదు, మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి అంది. నేను నోరు తెరిచేలోపు నాన్న గొడుగు నేలకి ఆనించి, "ఆయ్, డాక్టరు గారండి, అంటే ఇది మినీకిట్టన్నమాట" అన్నాడు.

ఆవిడకి అర్థం కాలేదు. ఇక చూడు! కెమెరా తిరుగుతోంది. మార్టేరు వరి పరిశోధనా స్థానం మొదలుకుని నాన్న అందుకున్నాడు. ముందు వాళ్ల సొంత మడుల్లో వేసి చూస్తారండి. నిలబడితే నాలుగు ఊళ్లలో వేస్తారండి. అప్పుడు మాలాంటోళ్లకి చిన్న సంచీ ఇస్తారండి, దాని మీద పేరుండదు, ఎం.టి.యు. అని నంబరే ఉంటది. పక్క మడిలో మేం ఎప్పుడూ వేసే రకమే వెయ్యాలండి, దాన్ని చెక్కు అంటారండి. చెక్కు లేకపోతే కొత్తది పండిందో, ఆ ఏడు వానలే బాగా పడ్డాయో తెలవదు కదండి. మార్టేరులోనైతే ఏ మడిలో ఏ రకమన్నది చీటీ తీసి వేస్తారండి. కొత్తదాన్ని మంచి మడిలో వేసుకుంటే అది గెలిచినట్టు కాదండి.

కెమెరా కుర్రాడు ఆపమంటారా అన్నట్టు చూశాడు. ఆవిడ వద్దని చెయ్యి ఊపింది. పెన్ను పక్కన పెట్టేసి వింటోంది. చివరికి, "మీ నాన్నగారు చెప్పింది మీకు అర్థమైందా?" అని నన్నడిగింది!

నష్టపరిహారం సంగతీ ఆయనే అడిగాడు. మందు వల్ల హాని జరిగితే వైద్యం ఉచితం, పరిహారం కూడా ఉంటుంది, ఎథిక్స్ కమిటీ చూసుకుంటుంది, ఎప్పుడు వద్దనుకున్నా మానేసి వెళ్లొచ్చు అంది. "మినీకిట్టుకి అయ్యేం లేవండి" అన్నాడు.

అంతా బాగానే ఉంది, ఇరవై రెండో పేజీ వచ్చింది. పాత మందు వైపు పడితే పోమాలిడొమైడ్ అనే గుళిక వేసుకోవాలి. అది థాలిడొమైడ్ జాతిది. అరవై ఏళ్ల కిందట గర్భిణులు థాలిడొమైడ్ వేసుకుంటే చేతులూ కాళ్లూ సరిగా లేని పిల్లలు పుట్టారు చూడు, ఆ జాగ్రత్త. కాబట్టి ఆవిడ కెమెరా ఎదుట, నాన్న పక్కన, స్పష్టమైన తెలుగులో, మందు వాడినంతకాలం, మానేశాక నాలుగు వారాలు కూడా, నేను కండోమ్ తప్పకుండా వాడతానా అని అడిగింది. నేను గోడ మీద క్యాలెండరు చూస్తున్నాను. నాన్న గొడుగు బొత్తాం పెట్టి తీసి, పెట్టి తీసి... "చెప్పరా, అడుగుతున్నారు కదా" అన్నాడు. కొబ్బరిచిప్ప రోజు తర్వాత నేను ఇంత సిగ్గుపడింది లేదురా.

నవ్వింది చాలు.

పరీక్షలన్నీ దాటాను. ఇరవై నాలుగు గంటల మూత్రం క్యానులో పట్టుకుని ఆటో ఎక్కితే, డ్రైవరు "నెయ్యా అండీ?" అన్నాడు. మళ్లీ మజ్జ పరీక్ష. తుంటి వెనక ఎముకలోకి సూది దింపేటప్పుడు, ఏడో తరగతిలో నాకు బదులు క్యూలో నిలబడి రెండోసారి టీకా పొడిపించుకున్నావే, ఆ రోజు గుర్తొచ్చింది. ఇప్పుడు నిలబడరా చూద్దాం.

లాటరీ రోజున అక్కడి అమ్మాయి నా నంబరు కొట్టి మీట నొక్కింది. అంతే, ఒక్క క్షణం. తెర నా వైపే ఉంది. కంట్రోల్ ఆర్మ్. పాత మందు.

అంతసేపూ నేను అన్నిటికీ సిద్ధమని చెప్పుకుంటూ వచ్చాను కదా, అదంతా అబద్ధం. కొత్తదే వస్తుందని లోపల ఎప్పుడో రాసిపెట్టేసుకున్నాను. నాన్న తెర వైపు వంగి, "చెక్కు పడిందా? పోన్లేరా. స్వర్ణ కూడా చెక్కే కదా" అన్నాడు. 1982లో వచ్చింది స్వర్ణ, వసిష్ఠకీ మసూరికీ పుట్టింది, ఎన్ని కొత్త నంబర్లు వచ్చినా దాన్ని కదపలేకపోయారు... ఈ పాట నీకూ తెలుసు, మీ ఇంటి అరుగు మీదే ఎన్నిసార్లు విన్నాం. కానీ ఆ క్షణాన నాకు ఒళ్లు మండిపోయింది. నేను వరి కంకిని కాదు నాన్నా అని అరిచాను. ఆ అమ్మాయి ముందే. లిఫ్టు దగ్గరికి పోయి నిలబడ్డాను.

ఆ తర్వాత కూకట్‌పల్లిలో పెద్దమ్మ కొడుకు ఫ్లాటులో పన్నెండు రోజులు. ఒకటో రోజు, నాలుగు, ఎనిమిది, పదకొండు, పొట్ట మీద ఇంజెక్షన్. గుళికతో పాటు వేసేది అదే పాత బోర్టెజోమిబ్, పాదాల్లో అదే చీమలు పాకడం. నాన్నతో నేను మాట్లాడిందల్లా "అన్నం తిన్నావా", "మాత్రలేవి". ఆయనకి ఊడ్పులంటే ప్రాణం, అయినా కదల్లేదు. రోజూ సాయంత్రం ఫోన్లో కూలీలని తిట్టేవాడు.

అసలు నేను నీకు చెప్పాలని కూర్చున్నది నిన్న రాత్రి సంగతి.

నరసాపురం ఎక్స్‌ప్రెస్. కైకలూరు దాటింది, ఇంకా చీకటే. కొల్లేటి నీళ్ల వాసన వస్తోంది. కింది బెర్తులో నాన్న లేచి కూర్చున్నాడు. నేను కళ్లు మూసుకునే ఉన్నాను. "ఒరేయ్, నేనొక తప్పు చేశాన్రా" అన్నాడు.

నేను సంతకం పెట్టిన రోజే, మావయ్య మాటలకి భయమేసి, పాలకొల్లు క్షీరారామలింగేశ్వరుడికి మొక్కుకున్నాడట. మావాడికి కొత్తది పడకూడదు, పాతదే పడాలి, అభిషేకం చేయిస్తానని. పడింది. ఆయన లోపల సంతోషించాడు కూడా. తర్వాత ఆస్పత్రిలో మా పక్క గదిలో కుర్రాడికి కొత్తది పడింది. మొదటి రాత్రి జ్వరం కాగింది, ముందే చెప్పారు అలా వస్తుందని. మర్నాడు తగ్గింది. మూడో నాటికి మంచం మీద కూర్చుని ఉప్మా తింటుంటే, వాళ్లమ్మ గుమ్మంలో నిలబడి అందరికీ చెబుతోంది. అది చూశాడు నాన్న. అప్పట్నుంచి లోపల్లోపల...

"నీది నేనే లాగేశాన్రా" అన్నాడు.

నాకేం అనాలో తెలీలేదు. కంప్యూటరుకి మొక్కులందవు నాన్నా, చీటీ తీస్తేనే లెక్క తేలుతుందని నువ్వే కదా డాక్టరమ్మకి పాఠం చెప్పావు అన్నాను.

"అది వరికిరా" అన్నాడు. ఇంకేదో అనబోయి కిటికీ వైపు తిరిగిపోయాడు.

సూరీ, నేను ఆయనకి చెప్పనిది ఒకటుంది. అదే గుడి, అదే స్వామి. వెళ్లేముందు రోజు నేనూ మొక్కుకున్నాను, కొత్తదే పడాలని. సరే, ఆ స్వామి పెద్దవాడి మాట విన్నాడు! చెబితే నాన్న నవ్వుతాడా, ఇంకా కుంగిపోతాడా? నువ్వే చెప్పు. ఎప్పుడైనా మానేసి వచ్చేయొచ్చు అన్నారు కదా, లిఫ్టు దగ్గర ఒక నిమిషం అదీ అనుకున్నాను. మానేసి ఎక్కడికి పోతాను? బయట నాకు ఆ కొత్తది ఎవరిస్తారు? పైగా ఈ పోమాలిడొమైడ్ నేను ఇదివరకు వాడింది కాదు. అక్కడ ఉచితంగా ఇస్తున్నారు, దారి ఖర్చులతో సహా. పనిచేస్తోందో లేదో వచ్చే రక్తపరీక్షలో కొంత...

అదుగో, నాన్న లేచాడు. "ఇంకా లైటెందుకురా" అని పెరట్లోంచి అరుస్తున్నాడు. ఈ కాయితం ఆయన కంట పడకూడదు. చెల్లెమ్మనీ పిల్లల్నీ అడిగానని చెప్పు. ఆవకాయ మొత్తం నువ్వొక్కడివే

వస్తున్నాడు. ఉంటాను.

నీ
బుజ్జి