బాటిల్ క్యూబులు పగిలాయిరా!

ఒరేయ్ సత్తిగా,

ఇన్నాళ్లూ జవాబు రాయలేదని తిట్టుకుంటూనే ఉంటావు, తిట్టుకో. నాన్న మోకాలి నొప్పి తగ్గింది, చెల్లి పరీక్షలయ్యాయి, అందరం కులాసా. ఇక అసలు సంగతి విను.

ఇవాళ మా ల్యాబులో క్యూబులు పగలగొట్టాం, అంటే కొంత ఇసుక బదులు బాటిల్ ప్లాస్టిక్ కలిపి పోసిన కాంక్రీటు దిమ్మలు, బలం చూడ్డానికి! "ప్లాస్టిక్ ఇంట్లో కాపురమా, ఎండాకాలం కారిపోతావురా" అని నవ్వావే, అవే. 2018లో ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయం, గోవా ఇంజినీరింగ్ కాలేజీ వాళ్లు కలిసి చేసిన పని చదివినప్పట్నుంచీ నాకీ పిచ్చి. కాంక్రీటులో 10 శాతం ఇసుక బదులు ప్లాస్టిక్ వేస్తే ప్రపంచం మొత్తమ్మీద ఏటా 82 కోట్ల టన్నుల ఇసుక మిగులుతుందని వాళ్ల లెక్క. గోదావరి ఇసుక లారీ రేటు తెలిసిన నీకు వేరే చెప్పాలా?

వాటర్ బాటిళ్లు నూరి, ఇసుక జల్లెడల్లోనే జల్లించి, ఏ సైజు ఇసుక ఏ పాళ్లలో ఉందో ఆ సైజు ప్లాస్టిక్ అదే పాళ్లలో కలిపాం. తూకం లెక్కన కాదురోయ్, పట్టే చోటు లెక్కన! ఇసుక సాంద్రత నీటికి 2.65 రెట్లు, బాటిల్ ప్లాస్టిక్‌ది 1.38 రెట్లు. కిలోకి కిలో వేస్తే దాదాపు రెట్టింపు చోటు తినేస్తుంది.

28 రోజుల క్యూరింగ్ (నీళ్లలో నాననివ్వడం) అయ్యాక, నొక్కి పగలగొట్టే మెషీన్లో ముందు మామూలు క్యూబు పెట్టాం. ఢాం! పెచ్చులు ఎగిరి నా చెప్పుల మీద పడ్డాయి. తర్వాత మనది. ఎం25 అనే కాంక్రీటు గ్రేడు బలం కావాలంటే మెషీను ముల్లు 562 కిలోన్యూటన్ల ఒత్తిడి బలం దాటాలి. 400... 500... దాటిందిరా! మామూలుదాని కన్నా తక్కువేలే, కానీ దాటింది. పైగా చప్పుడే లేదు. పగుళ్లు పాకాయి, ముక్కలు మాత్రం ఊడిపోలేదు.

చేత్తో లాగి విడదీసి చూస్తే ప్రాణం ఉసూరుమంది. ప్లాస్టిక్ రేణువులు తళతళా మెరుస్తున్నాయి, ఒక్కదానికీ సిమెంటు అంటలేదు. నున్నగా ఉంటుంది, నీళ్లు పట్టదు, ఇంక పట్టు ఎక్కణ్ణుంచి వస్తుంది? పైగా సిమెంటులోని క్షారం ఆ ప్లాస్టిక్‌ని మెల్లగా తినేస్తుంది కూడా. అందుకే స్లాబుకి, పిల్లరుకి వాడమని నేను చచ్చినా చెప్పను. ఫుట్‌పాత్ పలకలకైతే మాత్రం... నిప్పు తగిలితే ఏమవుతుందో కూడా చూడాలి, అది ఇంకో పెద్ద కథ... అయ్యో, ల్యాబుకి తాళం వేసేస్తున్నారు. మిగతాది తర్వాత.

నీ
బుజ్జి