రేటు పది రూపాయలు పెంచుతాండాం, తిట్టే ముందు ఇది చదవండి

అన్నలకీ అక్కలకీ నమస్తే. బత్తలపల్లిలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఆస్పత్రి కాడ మెస్సు నడిపే అక్కను రాస్తాండా. రోజూ పొద్దున్నే ఈరోజు పప్పేంది కూరేంది అని ఒక్క లైను పెట్టి పోయేదాన్ని, ఈసారి కొంచెం పొడుగైంది. వార్డు బయట కూర్చోనుంటే టైము ఎట్లాగూ పోదు కదా, చదవండి.

ముందు అసలు విషయం. ఒకటో తేదీ నుంచి ఫుల్ మీల్స్ 70 కాదు 80. ఇద్దరికి సరిపొయ్యే క్యారియర్ 100 నుంచి 120. ఇడ్లీ, ఉగ్గాని బజ్జి పాత రేటే. గంజి, రాగి జావ 10 రూపాయలే, అది మాత్రం నేనున్నన్ని దినాలు పెంచను.

ఇంకో విషయం ఉండాది, రాయాలంటే సిగ్గుగా ఉండాది కానీ రాస్తా. పోయిన నెలలో నలుగురైదుగురు వచ్చి అక్కా కూర రుచి మారింది, తిన్నాక గొంతులో ఏదో జిగురు పట్టినట్టుంది అన్నారు. నేను అట్లాంటిదేం లేదన్నా అంతా మామూలే అని చెప్పినా. అబద్ధం చెప్పినా. రేటు పెంచితే మీరు పక్క హోటల్‌కి పోతారేమో అని భయపడి, శెనక్కాయల నూనె మానేసి లూజు నూనె తెచ్చినా, అట్లా ఇరవై రెండు దినాలు వండినా. శెనక్కాయలు పండే జిల్లాలో ఉండుకోని, అదీ ఆపరేషనైన వాళ్ళకి పొయ్యే క్యారియర్‌లో. నా కొడుకే తిని ఏందిమ్మా ఇది అన్నాక మానేసినా. ఇప్పుడు మళ్ళీ గానుగ నూనే. ఆ నూనె ఖర్చూ, 19 కిలోల గ్యాస్ సిలిండర్ ఖర్చూ, రూము బాడుగా, ఈ మూడూ కలిసే ఆ పది రూపాయలు.

కొత్తగా వచ్చినోళ్ళు ఈ మెస్సు ఆస్పత్రి వాళ్ళదా అని అడుగుతాంటారు. కాదు. కానీ ఆ ఆస్పత్రి లేకపోతే ఈ మెస్సు లేదు, అది మాత్రం నిజం. ఇది మా అమ్మ పెట్టిన టీ బంకు. అనంతపురం, కదిరి, ధర్మవరం, తాడిపత్రి రోడ్లు కలిసే ఊరు కాబట్టి బస్సులు ఆగుతాంటాయి, టీ, బన్ను, బీడీలు అమ్ముతాంటి మా అమ్మ. ఆస్పత్రి కట్టేటప్పుడు బేల్దారి పనోళ్ళు వచ్చి టీ తాగుతాంటిరి, వాళ్ళని చూసి మా అమ్మ ఈ పల్లెలో ఇంత పెద్ద బిల్డింగ్ ఎవరి కోసమప్పా, ఎవురొస్తారు అంటాంటి. 2000 లో తెరిచినారు. ఎవరొచ్చినారో మీకు చెప్పే పనే లేదు, మీరే వస్తాండారు కదా.

చాలామంది ఆర్డీటీ అంటే ఆస్పత్రి అనుకుంటారు, ముఖ్యంగా వేరే జిల్లాల నుంచి వచ్చేవాళ్ళు. ఆస్పత్రి చివర్లో వచ్చింది. ఆర్డీటీ పెట్టిన ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్, స్పెయిన్ మనిషి, అనంతపురం వచ్చింది 1969 లో. ముందు బావులు, సంఘాలు, పిల్లల చదువు, తర్వాత ఊరూరా ఆడోళ్ళకే ట్రైనింగ్ ఇచ్చి హెల్త్ వర్కర్లుగా పెట్టినారు. ఎవరికి కడుపు, ఎవరి బిడ్డ బరువు పెరగల్యా, ఎవరు నెల రోజుల నుంచి దగ్గుతాండారు అనేది ఆ అక్కలకి తెలుసు. కానీ తెలిసినాక ఏం చెయ్యాల? కాన్పు కష్టమైతే ట్రాక్టర్‌లో ఏసుకోని అనంతపురం సర్వజనాస్పత్రికి పోవాల్సిందే, 108 బండి వచ్చిందే 2005 లో కదా, అంతకు ముందు దోవలోనే పొయ్యినోళ్ళు ప్రతి ఊర్లోనూ ఉండారు. మా చిన్నత్త అట్లా పోయింది, ముదిగుబ్బ దాటకముందే. అందుకే కళ్యాణదుర్గం, కణేకల్, బత్తలపల్లి అని పల్లెలకి దగ్గర్లో ఆస్పత్రులు కట్టినారు అని నాకనిపిస్తాది, ఆ అక్కలు రాసి పంపించిన మనుషులకి ఒక చోటు కావాల కదా.

గంజి సంగతి. ఆస్పత్రి తెరిచిన కొత్తల్లో ఒక రాత్రి పదిన్నరకి ఒక ముసలాయన వచ్చినాడు, బంకు మూసేస్తాండాం. కూతురికి కడుపు కోసి బిడ్డను తీసినారు, గంజి తాపమన్నారు, గంజి దొరుకుతాదామ్మా అన్నాడు. మా కాడ టీ, బన్ను తప్ప ఏమీ లేవు. మా అమ్మ ఆయన్ని ఆడే బెంచీ మీద కూర్చోబెట్టి ఇంటికి పోయి, చారెడు నూకలు కాంచి చెంబులో తెచ్చిచ్చింది. డబ్బులు తీసుకోల్యా. మర్నాడు ఆయన ఇంకో ఇద్దరిని పిల్చుకోనొచ్చినాడు, వాళ్ళకీ గంజే కావాల. ఆ రోజు నుంచి మా పొయ్యి మీద గంజి కుండ దిగలేదు, ఆ గంజి నుంచే చారు, అన్నం, తర్వాత మెస్సు. మా అమ్మ చనిపోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు ఆ గంజి రేటు ఇరవై చేసుకోమని మా ఆయన అంటాండాడు, లెక్క ప్రకారం కరెక్టే, కానీ నాకు చెయ్యి రాదు.

మా మెస్సులో జరిగిన ఇంకో తప్పు కూడా చెప్పాల, ఇది నూనె కంటే పెద్దది. హెచ్‌ఐవి, టీబీ వాళ్ళు దూరదూరం నుంచి ఈడికి రావడం మొదలైనాక, మేము రెండు రకాల గ్లాసులు పెట్టినాం. గీత ఉన్న గ్లాసు వాళ్ళకి. ఎవరికీ చెప్పల్యా, మాకు మాత్రమే తెలుసు అనుకున్నాం, వాళ్ళకి తెలియకుండా ఉంటాదా. ఒక ఆడమనిషి, పాతికేళ్ళు కూడా ఉండవు, చంకలో బిడ్డ, టీ తాగి, గ్లాసు తనే కడిగి, వేరేగా ఒక మూలకి పెట్టి పోయింది. అది చూసి ఆస్పత్రిలో పనిచేసే ఒక సిస్టర్ నన్ను పక్కకి పిల్చి, అక్కా గ్లాసుతో అంటదు, ఒకే కంచంలో తిన్నా అంటదు, నువ్వు చేస్తాండేది తప్పు అని మెల్లగా చెప్పింది. నేను ఆరోజు కోపంగానే చూసినా ఆమెని. కానీ ఆ రాత్రే గీత గ్లాసులన్నీ మామూలు గ్లాసుల్లో కలిపేసినా. మన దేశంలో గవర్నమెంటు ఉచితంగా హెచ్‌ఐవికి వాడే ఏఆర్‌టీ మందులు ఇయ్యడం 2004 లో మొదలైంది, మందులు సరిగ్గా ఏసుకున్నోళ్ళు ఎట్లా కోలుకున్నారో నేను నా కౌంటర్ కాడ్నుంచే చూసినా, ఎముకల మాదిరి వచ్చినోళ్ళు రెండేళ్ళకి సంగటి ముద్ద రెండోది అడిగినారు. ఈ ఆస్పత్రి డాక్టర్లు ఆ రోగుల లెక్కలన్నీ కట్టి రాసిన పరిశోధనలు, విన్సెంట్ ఫెర్రర్ హెచ్‌ఐవి కోహార్ట్ అని పేరు, ఫారిన్ జర్నల్స్‌లో వచ్చినాయంట. నా కాడ భోంచేసే ఒక డాక్టరు పాప ఫోన్‌లో చూపిచ్చింది, ఇంగ్లీషు నాకు రాదు, బత్తలపల్లి అని ఉండే చోట మాత్రం వేలు పెట్టి చూపిచ్చింది.

2009 జూన్‌లో ఫాదర్ పోయినప్పుడు ఆయన్ని ఈడే, బత్తలపల్లిలోనే సమాధి చేసినారు. ఆరోజు లారీలు, ట్రాక్టర్లు, నడిచొచ్చినోళ్ళు, రోడ్డు కనపళ్యా. మేము ఆరోజు యాపారం చెయ్యల్యా, నీళ్ళు, మజ్జిగ ఇచ్చినాం అంతే.

ఆ తర్వాత పెరిగిందంతా మీరు చూస్తాండేదే. ఇప్పుడు 300 కి పైగా బెడ్లు, నర్సింగ్ స్కూలు, డీఎన్‌బీ అనే స్పెషలిస్టు చదువు చదివే డాక్టర్లు. ఆస్పత్రిలో ఒక డిపార్ట్‌మెంట్ పెరిగిందంటే నా వంటింట్లో ఒక గిన్నె పెరుగుతాది. పిల్లల వార్డు పెద్దదైతే పాలు ఎక్కువ, ఎముకల వాళ్ళు పెరిగితే పేషెంటుకి తోడుగా నెలల తరబడి ఉండే అటెండర్లు పెరుగుతారు, వాళ్ళకి రోజూ అదే పప్పంటే ఇసుగు. నర్సింగ్ పిల్లలకి కోడిగుడ్డు కావాల, నెలాఖరుకి అప్పు కావాల. స్పెయిన్ నుంచి చూడ్డానికొచ్చే వాళ్ళు ఒకసారి మా ఊరుబిండి (శెనక్కాయల కారం పచ్చడి) తిని కళ్ళల్లో నీళ్ళు పెట్టుకున్నారు, మంచిగా ఉంది మంచిగా ఉంది అంటానే నీళ్ళ బాటిల్ మొత్తం తాగేసినారు పాపం.

2020 లో ఆస్పత్రిని కోవిడ్ ఆస్పత్రి చేసినప్పుడు మా షట్టర్ మూసినాం. అటెండర్లే లేరు, లోపలికి ఎవర్నీ పంపరు, ఇంక ఎవరికి వండాల. కొన్ని దినాలు అంబులెన్సు డ్రైవర్లకి, బయట డ్యూటీ చేసేవాళ్ళకి పార్సెల్ కట్టి గేటు కాడ పెట్టి వెనక్కి జరిగి నిలబడేదాన్ని. బయట నిలబడి ఫోన్‌లో లోపలున్న వాళ్ళతో మాట్లాడుతా ఏడ్చేవాళ్ళని చూసినా, అది ఇప్పుడొద్దులే. ఆ ఏడాది పోయిన డబ్బులకి అప్పు తెచ్చినా, అది పోయినేడు తీరింది.

అప్పు తీరిందని సంతోషపడేలోపు నేనే ఇంకో పిచ్చి పని చేసినా. జనం పెరుగుతాండారు కదా అని పక్క రూము కూడా బాడుగకి తీసుకోని ఏడు టేబుళ్ళు ఏసినా. జనం పెరిగినారు నిజమే, కానీ నా మాదిరే ఆలోచించినోళ్ళు కూడా పెరిగినారు. మా అమ్మ బంకు పెట్టినప్పుడు ఈ లైన్లో ఒక్కటే అంగడి, ఇప్పుడు మెడికల్ షాపులు, టిఫిన్ సెంటర్లు, లాడ్జీలు, జిరాక్సులు. స్థలం రేటు పెరిగింది, బాడుగ పెరిగింది, పక్క రూములో మధ్యాన్నం తప్ప ఈగలు కూడా కూర్చోవు.

దానికి తోడు 2025 లో ఆర్డీటీకి ఫారిన్ విరాళాలు తీసుకునే పర్మిషన్ రెన్యూవల్ ఆగిందని తెలిసి జిల్లా అంతా రోడ్డెక్కింది, ర్యాలీలు చేసినారు, మేమూ షట్టర్ దించి పోయినాం. ఈ ఊళ్ళో నా మాదిరి చిన్న అంగళ్ళ వాళ్ళందరికీ ఆ రోజుల్లో నిద్ర లేదు, యాపారం గురించే అని మీరనుకుంటే అనుకోండి, సగం అదే. మిగతా సగం ఏందంటే, నా కొడుకు పుట్టింది ఆడే, మా అమ్మ కన్ను మూసింది ఆడే.

సరే, ఒకటో తేదీ నుంచి మారేవి ఇవి. పక్క రూము వదిలేస్తాండాం, కాబట్టి మధ్యాన్నం ఒంటిగంట నుంచి రెండు వరకు నిలబడాల్సి వస్తాది, వీలైతే పన్నెండున్నరకే రండి. ఉప్పు, కారం తగ్గించిన పథ్యం కూర రోజూ ఒకటి వేరేగా చేస్తాం, డాక్టరు ఏం తినొద్దన్నారో ఆ చీటీ చూపించండి, మీకై మీరు ఊహించి చెప్పొద్దు, ఒకాయన షుగర్ ఉన్న భార్యకి వారం రోజులు రెండు పూటలా ఓళిగలు (బొబ్బట్లు) కొనుక్కోని పోయినాడు, పేషెంటు ఎవరో నాకు తర్వాత తెలిసింది. రాత్రి భోజనం తొమ్మిదిన్నర వరకే, గంజి మాత్రం షట్టర్ దించినా ఉంటాది, పక్క సందులో తలుపు కొట్టండి. ఫోన్‌పే లేనోళ్ళు, డబ్బులు తక్కువైనోళ్ళు పుస్తకంలో పేరు రాయించుకోని పోండి, సిగ్గుపడొద్దు, ఆ పుస్తకంలో డాక్టర్ల పేర్లూ ఉండాయి.

చివరగా స్టీలు క్యారియర్లు. డిస్చార్జి సంతోషంలో ఎత్తుకోని పోయినవి ఇప్పటికి పదకొండు. అడుగున ఎర్ర పెయింట్‌తో నంబరు ఉంటాది, చూసుకోండి. 3, 8, 14 నంబర్లు తాడిమర్రి వైపు పోయినాయని నాకు తెలుసు, రివ్యూకి వచ్చేటప్పుడు తెచ్చియ్యండి, కడగకపోయినా పర్లేదు.