ఆ ఫార్మసిస్టు పేరు కూడా వేయండి

సంపాదకులు గారికి,

ఇన్సులిన్ గురించి ఎప్పుడు రాసినా టొరంటోలో కనిపెట్టిన బాంటింగ్, బెస్ట్‌ల దగ్గరే ఆపేస్తారు. డెన్మార్క్ ఫార్మసిస్టు ఆగస్ట్ కాంగ్‌స్టెడ్ మాటే రాదు, నాకు అదే బాధ. 1922లో నోబెల్ గ్రహీత ఆగస్ట్ క్రో టొరంటో వెళ్ళి తయారీకి అనుమతి తెచ్చుకున్నారు, డాక్టరైన ఆయన భార్య మరీకి కూడా షుగరే. హాగెడోర్న్ అనే డాక్టరు తోడయ్యారు. కానీ పశువుల క్లోమం నుంచి మందు తీయాలంటే డబ్బు కావాలి కదా, అది పెట్టింది కాంగ్‌స్టెడ్. తన కంపెనీ గుర్తుగా దానికి ‘ఇన్సులిన్ లియో’ అని పేరు పెట్టాలన్నదే ఆయన షరతు. 1923కల్లా అది రోగులకు అందింది.

మా అమ్మ రోజూ పొద్దున్నే ఫ్రిజ్ తలుపులోంచి పెన్ను తీసి, సూది బిగించి, పొట్ట మడత పట్టుకుని పొడుచుకుంటుంటే నాకు ఆయనే గుర్తొస్తారు. ఆదివారం సంచికలో ఆయనకు అర పేజీ ఇవ్వండి.

– ఒక పాఠకురాలు, ఖమ్మం