భయపడకు అని ఊరుకోకుండా, ఏం చేయాలో చెప్పినవాళ్లకు

పోటీ పరీక్షలకు కలిసి చదువుకునే మా బృందం తరఫున ఈ కృతజ్ఞతలు. ఇన్ని నెలలుగా అభ్యర్థులకు తోడు నిలిచిన సైకాలజిస్టు గారికి, డాక్టరు గారికి, మాక్ టెస్టులు పెట్టిన అధ్యాపకులకు, హాల్లో పర్యవేక్షకులుగా కూర్చున్న సీనియర్లకు, ఇంటి దగ్గర ఓపిక పట్టిన తల్లిదండ్రులకు పేరుపేరునా నమస్కారాలు. పేర్లు రాయొద్దని మీరే అన్నారు కాబట్టి రాయడం లేదు. మీరు ఏం చేశారో మాత్రం వివరంగా రాస్తున్నాం. ఇప్పుడు పరీక్ష దగ్గరపడుతున్న ఎవరికైనా అది అక్కరకొస్తుంది.

"టెన్షన్ పడకు, బాగానే రాస్తావు" అని అందరం ప్రేమతోనే అంటాం. గుండె దడదడలాడుతున్న మనిషికి ఆ మాటతో చేయడానికి పనేమీ దొరకదు. మీలో ప్రతి ఒక్కరూ చేతికి ఒక చిన్న పని ఇచ్చారు. అన్నిటికన్నా పెద్ద సాయం అదే.

సైకాలజిస్టు గారు ముందుగా ఒక చిక్కుముడి విప్పారు. పరీక్ష భయంలో రెండు పాయలుంటాయి. ఒకటి ఒంట్లో పుట్టే అలజడి: చెమట, దడ, కడుపులో తిప్పడం. రెండోది మనసులో తిరిగే దిగులు: "ఇది పోయిందంటే ఇంట్లో ఏం చెప్పాలి?" లీబర్ట్, మోరిస్ అనే పరిశోధకులు 1967లోనే ఈ రెండిటినీ వేరుచేసి చూపారు. మార్కులను ఎక్కువగా తినేసేది రెండోదే. లెక్క మధ్యలో అంకెల్ని పట్టుకోవాల్సిన మనసును ఆ దిగులు ఆక్రమించుకుంటుంది. అరచేతులు తడిసినంత మాత్రాన పేపరు పాడవదని తెలియడం ఎందరికో కొండంత ఊరట.

ఊపిరి విషయంలో మీరు సరిదిద్దిన పొరపాటు ప్రత్యేకంగా చెప్పాలి. "గట్టిగా ఊపిరి పీల్చుకో" అనగానే చాలామంది గబగబా, లోతుగా పీలుస్తారు. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి వేళ్ల కొసలు, పెదవుల చుట్టూ తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది. అది చూసి ఇంకా కంగారు. మీరు నేర్పిన పద్ధతిలో అసలు పని వదలడంలో ఉంది. ముక్కుతో మామూలుగా, నాలుగు లెక్కపెట్టేంతసేపు పీల్చాలి. ఆరు లెక్కపెట్టేంతసేపు నెమ్మదిగా వదలాలి. ఊపిరి వదిలేటప్పుడు గుండె కాస్త నెమ్మదిస్తుంది, అందుకే ఆ భాగం పొడవు. రోజూ పుస్తకం తెరిచే ముందు ఐదు నిమిషాలు. పరీక్ష రోజున మొదటిసారి మొదలుపెడితే పెద్దగా ఫలితం ఉండదు. స్థిమితంగా ఉన్నప్పుడు అలవాటైనదే అదురుతున్నప్పుడు పనికొస్తుంది.

తెల్లకాగితం పద్ధతి కూడా మీరిచ్చిందే. పరీక్షకు కాస్త ముందు 10 నిమిషాలు కూర్చుని, ఆ పరీక్ష గురించి లోపల తిరుగుతున్న భయాలన్నీ దాచుకోకుండా రాసేయాలి. రామిరెజ్, బైలాక్ అనే పరిశోధకులు 2011లో ఈ ప్రయోగం ప్రచురించారు. భయం ఎక్కువగా ఉండే విద్యార్థులకే దీంతో మేలు కనిపించింది, కాబట్టి స్థిమితంగా ఉన్నవాళ్లను బలవంతపెట్టక్కర్లేదు. ఇక్కడ జరిగే తప్పు ఒకటుంది. కొందరు రాసినదాన్నే మళ్లీ మళ్లీ చదువుకుంటారు. రాశాక మడిచి సంచిలో పడేయాలి, అంతే.

మాక్ టెస్టులు పెట్టిన అధ్యాపకులకు, సీనియర్లకు మా రుణం తీరేది కాదు. అసలు పరీక్ష ఏ గంటకో అదే గంటకు, ఫోన్లు బయటపెట్టించి, పక్కన ఎవరున్నారో ముందుగా తెలియకుండా కూర్చోబెట్టి, మధ్యలో లేవనీయకుండా రాయించారు. గోడ గడియారం టిక్కుమనడం, వెనక బెంచీలో ఎవరో గబగబా పేజీ తిప్పడం, ఓఎంఆర్ జవాబు పత్రంలో బబుల్ (గుండ్రటి గడి) దిద్దుతుంటే పెన్ను జారడం, ఇవన్నీ ముందే అలవాటైతే అసలు హాలు కొత్తగా అనిపించదు. వారానికి ఒకటే పెట్టి, మర్నాడంతా తప్పులకు కేటాయించడం మీ తీర్పు. అది నూటికి నూరుపాళ్లు సరైనదని మా నమ్మకం. చివరి వారంలో రోజుకో పూర్తి పేపరు రాసేవాళ్లకు తప్పులు సరిదిద్దుకునే తీరిక ఉండదు, మార్కులు చూసుకుని కుంగిపోవడం తప్ప.

తప్పుల పుస్తకంలో నాలుగు గడులు గీయించారు: తెలియనిది, ప్రశ్న సరిగా చదవనిది, లెక్కలో జారింది, టైము చాలనిది. "నాకేం రాదు" అనే ముద్ద లాంటి భయం అక్కడ ముక్కలైపోతుంది. ప్రశ్నలో "కానిది ఏది" అన్న మాట కింద గీత గీయకపోవడం ఒక అలవాటు. దాన్ని మార్చుకోవచ్చు.

"చదివినట్టే ఉంది, గుర్తు రావట్లేదు" అన్న బాధకు కారణం చూపినందుకూ ధన్యవాదాలు. మళ్లీ మళ్లీ చదివితే పేజీ పరిచయమై, వచ్చేసిందన్న ధీమా కలుగుతుంది. రోడిగర్, కార్పిక్ అనే పరిశోధకులు 2006లో పోల్చి చూస్తే, ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో తిరిగి చదివినవాళ్లే మెరుగు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకున్నవాళ్లే ముందున్నారు. అందుకే ప్రతి అధ్యాయం తర్వాత పుస్తకం మూసి కాగితం మీద రాయడం.

హాల్లో మైండ్ బ్లాంక్ అయితే చేయాల్సినవి చిన్న కార్డు మీద రాసిచ్చారు. పెన్ను కింద పెట్టు. రెండు పాదాలూ నేలకు ఆనించు. మూడుసార్లు పొడవుగా ఊపిరి వదులు. ఆ ప్రశ్న నంబరు పక్కన గుర్తు పెట్టి, తెలిసిన ప్రశ్నకు వెళ్లు. దీనికి ఒక్క నిమిషం చాలు. మూడు గంటల పేపరులో ఆ నిమిషం నష్టం కాదు, అదే ప్రశ్న దగ్గర పది నిమిషాలు పెనుగులాడటమే నష్టం. వదిలేసినప్పుడు బబుల్ వరస తప్పకుండా చూసుకోమని అడుగున రాసిన మాట కూడా ఎందరినో కాపాడుతుంది.

డాక్టరు గారూ, స్నేహితుల దగ్గర తీసుకున్న దడ తగ్గించే మాత్రలు మింగొద్దని మీరు గట్టిగా చెప్పడం చాలా అవసరం. అలాంటి మాత్రల్లో ఒకటైన ప్రొప్రనొలాల్ ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రమాదకరం. కాఫీలోని కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుందని, సాయంత్రం తాగితే పడుకునే వేళకూ ఒంట్లో మిగిలి ఉంటుందని కూడా చెప్పారు. ఎక్కడ ఆగి మీ దగ్గరకు పంపాలో గీత గీసిచ్చారు: రెండు వారాలుగా నిద్ర, తిండి సరిగా లేకపోవడం, ఉన్నట్టుండి ఊపిరాడనంత భయం పదే పదే రావడం, బతకాలని లేదన్న మాట. ఈ చివరిదైతే ఆ రోజే, ఒంటరిగా వదలకుండా. "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగొచ్చని, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదని మీరు చెప్పకపోతే మాలో ఎవరికీ నోరు వచ్చేది కాదు.

అమ్మానాన్నలకు కూడా దండాలు. "ఎన్నొచ్చాయి?" మానేసి "ఈ రోజు ఏ తప్పు దొరికింది?" అని అడగడం మీకు తేలిక కాదని తెలుసు. పేపరుకీ పేపరుకీ మధ్య జవాబుల "కీ" చూడనివ్వకుండా, పక్కింటివాళ్ల ర్యాంకుల ఊసెత్తకుండా ఉన్నారు. ఫలితాలు వచ్చేదాకా ఇంకొన్నాళ్లు అలాగే ఉండమని మనవి.

మైండ్ బ్లాంక్ అయినప్పటి కార్డు కావాలన్నవాళ్లు "పెన్ను కింద పెట్టు" దగ్గర నుంచి ఉన్న ఆ నాలుగు వాక్యాలూ తమ చేతిరాతతోనే రాసుకోండి. పరీక్ష హాల్లోకి కాగితం తీసుకెళ్లనివ్వరు, అప్పటికి కంఠతా వచ్చి ఉండాలి.