చింతగింజలకూ పాత పేపర్లకూ మీ పత్రికలో కాస్త చోటివ్వండి

సంపాదకులు గారికి నమస్కారాలు.

బడులకు వేసవి సెలవులు ఇచ్చిన నాటి నుంచి మీ పత్రిక మడతల్లో మా గుమ్మంలోకి వచ్చి పడుతున్న కరపత్రాలను పారవేయకుండా ఒకచోట పెడుతున్నాను. వారం తిరిగేసరికి పదకొండు పోగయ్యాయి. వాటిలో తొమ్మిదింటిలో సృజనాత్మకత అన్న మాట ఉంది, పదకొండింటిలోనూ రుసుము ఉంది. పదిహేను రోజుల శిబిరానికి రెండు వేల రూపాయలు మొదలుకొని అయిదు వేల దాకా అడుగుతూ, సామగ్రి ఖర్చు అదనమని అడుగున చిన్న అక్షరాలలో వేస్తున్నారు. ముప్పయ్యొక్క సంవత్సరాలు బడిపిల్లలకు చిత్రలేఖనం నేర్పి పదవీ విరమణ చేసినదాన్ని కాబట్టి, ఆ మాటకు ఆ ధర చూసి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

శిబిరాలు నడిపేవారి మీద నాకు కోపం లేదు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో, ఏప్రిల్ 24 మొదలుకొని జూన్ 11 వరకు నలభై తొమ్మిది రోజులపాటు పిల్లలను ఎవరి మీద వదలాలన్నది నిజమైన బెంగ. ఆ బెంగ తీర్చేవారు డబ్బు తీసుకోవడంలో తప్పేమీ లేదు. జిల్లా గ్రంథాలయ సంస్థల శాఖా గ్రంథాలయాల్లో వేసవి విజ్ఞాన శిబిరాలు ఉచితంగానే జరుగుతాయి, వాటికి పిల్లలు వెళుతున్నారు కూడా. నేను చెప్పదలచినది పిల్లల చేతికి ఏమి ఇస్తున్నాం అన్నదాని గురించి.

కిందటేడు మా మనవరాలిని, అంటే మా అమ్మాయి కూతురిని, వాళ్ల ఊళ్లోనే అలాంటి ఒక శిబిరంలో చేర్పించారు. అది పూర్తయ్యాక మా ఊరు వస్తూ, తాను చేసిన వస్తువులన్నీ ఒక సంచిలో భద్రంగా తెచ్చి నా ముందు పరిచింది. ముందే కత్తిరించి ఉన్న అట్ట గుడ్లగూబకు ముందే జిగురు పూసి ఉన్న కళ్లు అతికించింది. గీతలు గీసి ఉన్న నెమలికి అంకెల ప్రకారం రంగులు నింపింది. చక్కగానే ఉన్నాయి. "ఇంకొకటి చేసి పెట్టవే, గోడకు తగిలించుకుంటాను" అని అడిగితే, "కిట్ అయిపోయింది అమ్మమ్మా" అంది. తొమ్మిదేళ్ల పిల్ల నోట వచ్చిన ఆ మూడు మాటలు నన్ను ఏడాదిపాటు వదలలేదు.

అందుకని ఈ ఏడు ఆ పిల్ల వచ్చేలోపే నేను కొంత సరంజామా సిద్ధం చేసుకున్నాను. దీనికి మొదట అడ్డు వచ్చినది చింతగింజే. ఈ రోజుల్లో పొట్లాల్లో వచ్చే చింతపండుకు గింజ ఉండదు. గింజ తీయని పండు కావాలని మూడు కొట్లలో అడిగితే, నాలుగో కొట్లో ఒక పెద్దాయన విచిత్రంగా చూసి, గోనెసంచి అడుగున మిగిలినదంతా తూచి ఇచ్చాడు. పులుసుకు పండు, ఆటకు గింజ. మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లనూ, కింది వాటాలో ఉండే పదేళ్ల అబ్బాయినీ మెట్ల దగ్గర కూర్చోబెట్టి, గింజను సిమెంటు మెట్టు మీద ఒక వైపే అరగదీయమన్నాను. ముదురు గోధుమ రంగు పొట్టు పోయి లోపలి తెలుపు కనబడేదాకా రుద్దాలి. వేలికొనలు నొప్పి పుడతాయి, గింజ కాలుతుంది. ఎంత కాలుతుందో పక్కవారి మోచేతికి ఆనిస్తే తెలుస్తుంది. ఆ సంగతి వాళ్లకు నేను చెప్పలేదు. పది నిమిషాలలో తమంతట తామే కనిపెట్టి, ఒకరినొకరు చురకలు పెట్టుకొని, "మామ్మగారూ, చూడండి" అని ఇద్దరూ నా మీదికే ఫిర్యాదుకు వచ్చారు.

అలా అరిగిన నాలుగు గింజలు గవ్వలకు బదులు పనికొస్తాయి. సుద్దముక్కతో నేల మీద అయిదు నిలువు, అయిదు అడ్డం, మొత్తం ఇరవై అయిదు గడులు గీసి, నాలుగు వైపులా నడిమి గడుల్లోనూ కేంద్రంలోనూ ఇంటూ గుర్తులు పెడితే అష్టాచెమ్మా సిద్ధం. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. కాయలుగా ఏమి వాడుకోవాలన్నది మాత్రం నేను పిల్లలకే వదిలేశాను. ఒకరు విరిగిన గాజుముక్కలు, ఇంకొకరు పెన్ను మూతలు తెచ్చుకున్నారు. మర్నాటికి పెన్ను మూతలకు అగ్గిపుల్లల చేతులు మొలిచాయి, ఆ మర్నాటికి వాటికి పేర్లు వచ్చాయి, నాలుగో రోజుకు ఆట పక్కకు పోయి ఆ నాలుగు మూతల మధ్య ఏదో వ్యవహారం నడవసాగింది. నేను అడ్డుపడలేదు. గింజలు ఇంకా మిగిలాయి కాబట్టి పాత గుడ్ల అట్టలు రెండు కలిపి వరుసకు ఏడేసి గుంటలు వచ్చేలా కత్తిరించి వామనగుంటలు కూడా మొదలుపెట్టాం. ఇంతవరకు అయిన ఖర్చు అరకిలో చింతపండు. అది ఎలాగూ పులుసులోకి పోయింది.

ఇక ఈ ఉత్తరంలో మీ పత్రికకు నేరుగా సంబంధించిన భాగానికి వస్తాను. మా అమ్మ కాలంలో వెదురు చాటలకూ బుట్టలకూ సందులు పూడేలా కాగితపు గుజ్జు మెత్తేవారు. పాత కాగితాలను నానబెట్టి, విడిగా నానబెట్టిన మెంతులతో కలిపి రోట్లో రుబ్బి పూస్తే, పిండి కారదు, పురుగు చేరదు. మెంతుల జిగురు కాగితపు పీచును పట్టి ఉంచుతుంది, మెంతుల చేదు పురుగును దూరం పెడుతుంది. అది ఏటా ఎండాకాలంలోనే చేసే పని, ఎందుకంటే ఆ గుజ్జు లోపలిదాకా ఆరాలంటే మూడు నాలుగు రోజుల గట్టి ఎండ కావాలి. వానాకాలంలో చేస్తే బూజు పడుతుంది. మా ఇంట్లో చాట ఇప్పుడు ప్లాస్టిక్‌ది. అందువల్ల గుజ్జుతో గిన్నె చేద్దామని అనుకున్నాం.

కిలో పాత పేపర్లకు పావుకిలో మెంతులు నా కొలత. పేపర్లను వేలెడేసి ముక్కలుగా చింపడమే పిల్లలకు ఒక పూట పని, అది వాళ్లు ఎంత ఉత్సాహంగా చేస్తారో చూస్తే చదువుకు కూడా ఈ పద్ధతి ఏదైనా ఉంటే బాగుండునని అనిపిస్తుంది. రెండు రోజులు బకెట్‌లో నాననిచ్చి, రోజూ నీళ్లు మార్చి, గట్టిగా పిండి, మెంతులు వేసి గ్రైండరులో రుబ్బాం. గుజ్జు వడియాల పిండికన్నా గట్టిగా, చపాతీ ముద్దకన్నా మెత్తగా ఉండాలి. స్టీలు గిన్నెను బోర్లించి, దానిమీద తడిగుడ్డ కప్పి, గుజ్జును చిటికెన వేలు మందాన అంతటా సమంగా అద్దాలి. ఈ సమంగా అన్నదే కష్టం. అంచు దగ్గర పలచబడుతుంది, అడుగున దిమ్మ కడుతుంది, చేతికి నీళ్లు తడుముకుంటూ సర్దుకోవాలి. మా మొదటి గిన్నెను తొందరపడి పదిన్నర ఎండలో డాబా మీద పెట్టాను. సాయంత్రానికి నీరింకిన చెరువులో ఒండ్రుమట్టిలా పగుళ్లు దేరింది. మనవరాలు ఏడుపు మొహం పెట్టింది, కింది వాటా అబ్బాయి మాత్రం దానిని తిప్పి తిప్పి చూసి, తాబేలు వీపులా ఉందని, నాలుగు కాళ్లూ ఒక తలా పెడదామని అన్నాడు. రెండో గిన్నెను మొదటి రోజు నీడన ఆరనిచ్చి, తరువాతే ఎండకు మార్చాం; అది నిలిచింది. పసుపు కలిపిన నీళ్లు పూసి, ఎండాక అంచున జేగురుతో చుక్కల ముగ్గు వేశాం. ఇప్పుడు చింతగింజలు అందులోనే ఉంటున్నాయి. సరిగా నలగని ఒక ముక్క మీద మీ పత్రిక శీర్షికలోని "ఉష్ణో" అన్న రెండక్షరాలు ఇంకా కనబడుతున్నాయి, వాటి మీద పసుపు పూయడానికి పిల్ల ఒప్పుకోలేదు. అచ్చు సిరా కలిసినది కాబట్టి అటువంటి గిన్నెలో తినే వస్తువులు పెట్టకూడదని మాత్రం పాఠకులకు చెప్పవలసి ఉంది. వార్తాపత్రికలలో ఆహారం పొట్లం కట్టవద్దని దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా పలుమార్లు హెచ్చరించింది.

మా కాలమే బంగారమని చెప్పే ధోరణి నాకు గిట్టదు. మా తాటిముంజల బండి కబుర్లు వినేవారికి అందంగా ఉంటాయి. ముంజలు తీసేసిన రెండు బుర్రలకు ఇరుసు పుల్ల గుచ్చి, పంగల కర్రతో తోసుకుపోయే ఆ బండి నిజంగానే గొప్ప యంత్రం. కాని దానిని వీధంతా తోలింది మా అన్నయ్యలు. మేము ఆ వేళకు నీళ్లు మోసి, వడియాల దగ్గర కాకులను తోలుతూ కూర్చున్నాం. ఆడపిల్లలకు దక్కిన వైభవమల్లా ఏడాదికొకసారి మల్లెమొగ్గల పూలజడ. అరటిపట్ట మీద మొగ్గలను వరుసగా కుట్టి, మధ్యలో కనకాంబరాలూ మరువమూ పొదిగి, ఆ సాయంత్రమే ఫోటో స్టూడియోకు తీసుకుపోయి, వెనక అద్దం పెట్టి జడ కనబడేటట్లు ఫోటో తీయించేవారు. కుట్టినది అత్తయ్య, కదలకుండా నాలుగు గంటలు కూర్చున్నది నేను. ఇప్పటి ఎండలు వేరు, పదకొండు దాటాక నాలుగింటి దాకా పిల్లలను బయటికి పంపవద్దని వైద్యులు చెబుతున్నారు, పాటించవలసిందే. నేను చెబుతున్నవన్నీ ఆ అయిదు గంటలూ ఇంటి నీడన చేసుకునేవే.

సామాను లేకపోవడం వల్ల ఈ ఆటలూ చేతిపనులూ ఆగిపోలేదు. వైశాఖంలో ప్రతి ఇంటా శుభలేఖలు గుట్టపడతాయి, అవి దళసరి రంగుకాగితాలు. పుణేలో పిల్లల విజ్ఞాన కేంద్రంలో పనిచేసి 2018లో పద్మశ్రీ అందుకున్న అరవింద్ గుప్తా గారు, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలూ అగ్గిపుల్లలూ ఇచ్చి పిల్లల చేత రేఖాగణితపు ఆకారాలన్నీ కట్టించారు. లోటల్లా పక్కన కూర్చునే మనిషిది. నాలాంటి పదవీ విరమణ చేసినవారు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఏమి చేయాలో చాలామందికి చేతులకు గుర్తుంది, నోటికి రాదు. ఒకసారి మా పక్కింటావిడను కొబ్బరాకు బూర ఎలా చుడతారో చెప్పమంటే తడబడింది, ఆకు చేతికిస్తే అర నిమిషంలో చుట్టేసి ఈనెపుల్ల గుచ్చి ఊదింది.

కాబట్టి నా మనవి ఇది. ఆదివారం మీరు వేసే పిల్లల పేజీలో తేడాలు కనిపెట్టండి, చుక్కలు కలపండి అన్నవి వారం వారం వస్తున్నాయి. ఆ పేజీలో పావు వంతు స్థలాన్ని ఈ సెలవులు ముగిసేదాకా పాఠకులకు వదలండి. ఒక్కో వారం ఒక్కో జిల్లా నుంచి ఒక వస్తువు: చేసే పద్ధతి, ఒక బొమ్మ, అయ్యే ఖర్చు. పంపినవారి ఊరి మాటను దిద్దకుండా అలాగే అచ్చు వేయండి. మేము చింతగింజలంటే వేరొకరు చింతపిక్కలంటారు. మేము వామనగుంటలంటే తెలంగాణలో ఓమనగుంతలు అనే ఇళ్లున్నాయి. మీ ఉపసంపాదకులు అన్నింటినీ ఒకటి చేస్తే ఆ పేజీ చదివే తాతలకు తమ ఆట ఏదో తెలియకుండా పోతుంది. పాడైనప్పుడు ఏమవుతుందో కూడా రాయమని అడగండి. శిబిరాల సంచుల్లో రాని సంగతి అదే, పగిలిన గిన్నె తాబేలు కావడం అక్కడ వీలుకాదు. బహుమతులు మాత్రం పెట్టకండి. పెడితే తల్లిదండ్రులు చేసి పంపుతారు. ముప్పయ్యొక్క ఏళ్ల అనుభవంతో చెబుతున్నాను.

మీరు సరేనంటే మొదటి వారానికి మెంతుల గిన్నె పద్ధతినీ బొమ్మలనూ నేనే గీసి పంపుతాను. మామిడి జీడి పీపీ గురించి రాయాలని మనవరాలు పట్టుబడుతోంది కాని, టెంక మొలకెత్తి పెంకు విచ్చుకుంటే గాని లోపలి జీడిని రాతి మీద అరగదీసి ఊదడానికి వీలుపడదు. మా పెరట్లో ఆరు టెంకలు తడిమట్టిలో పూడ్చి ఉంచాం. తొలకరి పడితేనే అవి లేస్తాయి కాబట్టి దానికి మృగశిర కార్తె వెళ్లాక వచ్చే ఆదివారం కేటాయించండి. బడులు తెరిచినా ఫరవాలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత చిత్రలేఖన ఉపాధ్యాయురాలు,
తెనాలి.