ఎపిజెనెటిక్స్ పేరుతో మళ్లీ తల్లి మీదికే

సంపాదకుడు గారికి,

ఆటిజంలో మెటబాలిక్ (ఒంట్లో ఆహారం, రసాయనాలు మారే తీరుకి సంబంధించిన), ఎపిజెనెటిక్ (జన్యువులు పనిచేసే తీరుకి సంబంధించిన) కారణాల గురించి ఈమధ్య మీరు వేసిన వ్యాసం చదివాను. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు, ఆటిజం ఉంది. వ్యాసంలో తప్పులు వెతకడానికి రాయడం లేదు, చాలామటుకు ఉన్న విషయమే ఉంది. కానీ కడుపుతో ఉన్నప్పుడు తల్లి తిండి, టెన్షన్ బిడ్డ జన్యువుల మీద గుర్తులు వేస్తాయని అందులో ఒక వాక్యం ఉంది చూడండి, అది పట్టుకుని మా ఆవిడకి వరసగా ఫోన్లు. అప్పుడే చెప్పాం సరిగ్గా తినవని, అని ఒకరు. ఆ నెలల్లో కూడా ఉద్యోగం మానలేదుగా, అని ఇంకొకరు. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. తండ్రి వయసు ఎక్కువైతే బిడ్డకి ఆటిజం వచ్చే అవకాశం కొంత పెరుగుతుందని పరిశోధనలు చెబుతూనే ఉన్నాయి, వాడు పుట్టేసరికి నాకు నలభై దాటాయి. ఆ సంగతి అడిగినవాళ్లు లేరు.

ఇది కొత్తేమీ కాదు. 1943లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 11 మంది పిల్లల గురించి రాసి ఆటిజాన్ని వైద్యుల దృష్టికి తెచ్చాడు. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు బిడ్డ మీద ప్రేమ లేని తల్లుల వల్లే ఇది వస్తుందని నమ్మారు, వాళ్లకి ‘రిఫ్రిజిరేటర్ తల్లులు’ అని పేరు కూడా పెట్టారు. ఆ మాట పోయింది, ఇప్పుడు దాని చోట్లో ఎపిజెనెటిక్స్ వచ్చి కూర్చుంది.

నిజానికి ఎపిజెనెటిక్స్ అంటే జన్యువులోని రాత మారకుండానే, దాని మీద పడే రసాయన గుర్తుల వల్ల అది పనిచేయడమో ఆగిపోవడమో జరగడం. ఆటిజానికి దీంతో ఉన్న సంబంధం బాగా తేలిన చోట్లలో ఒకటి ఫ్రాజైల్ ఎక్స్ అనే వంశపారంపర్య జబ్బు. అందులో ఒక జన్యువులో మూడక్షరాల ముక్క 200 సార్లకు మించి రిపీట్ అవుతుంది, దాంతో దాని మీద మిథైల్ అనే రసాయన గుర్తులు పడి ఆ జన్యువు మూగబోతుంది. ఇందులో తల్లి ఏం తిన్నదనే ప్రశ్నే లేదు, అది వంశంలో వచ్చింది. 2019లో ఐదు దేశాల్లో 20 లక్షల మందికి పైగా పిల్లల వివరాలు చూసిన పరిశోధన కూడా ఆటిజంలో సుమారు 80 శాతం వంశపారంపర్యమే అంది. బయటి కారణాలు లేవని కాదు. మూర్ఛకి వాడే వాల్‌ప్రోయేట్ అనే మందు అలాంటిదే, అది ఈ గుర్తుల వ్యవస్థనే కదిలిస్తుంది. 2013లో డెన్మార్క్ లెక్కల్లో, గర్భంలో ఆ మందు తగిలిన పిల్లల్లో ఆటిజం స్పెక్ట్రమ్ సుమారు 4.4 శాతం, మొత్తం పిల్లల్లో 1.5 శాతం. (ఇది చదివి ఎవరూ సొంతంగా మందు ఆపేయకండి, గర్భంలో ఫిట్స్ వస్తే ఇద్దరికీ ప్రమాదం. డాక్టర్ని అడిగి మార్పించుకోండి, వీలైతే గర్భానికి ముందే.)

ఇక మెటబాలిక్ సంగతి. ఫినైల్‌కీటోన్యూరియా అని ఒక జబ్బుంది, పుట్టగానే మడమ నుంచి రక్తపు చుక్క తీసి కనిపెట్టొచ్చు, వెంటనే ఆహారం మారిస్తే మెదడు దెబ్బతినదు, వదిలేస్తే కొందరిలో ఆటిజం లక్షణాలూ వస్తాయి. మెదడుకి ఫోలేట్ అనే బి విటమిన్ సరిగ్గా అందని పిల్లలూ ఉన్నారు. 48 మంది పిల్లలతో 12 వారాలు చేసిన ఒక చిన్న ప్రయోగంలో ఫోలినిక్ యాసిడ్ (ఫోలేట్‌లోనే ఒక రకం) ఇస్తే మాట కొంత మెరుగైంది, ముఖ్యంగా ఫోలేట్‌ని అడ్డుకునే యాంటీబాడీలు ఉన్నవాళ్లలో. కాబట్టి ఫిట్స్ వస్తున్నా, వచ్చిన మాటలు పోతున్నా, ఎదుగుదల ఆగినా పరీక్షలు చేయించాల్సిందే. అయితే ఇలా చికిత్సకి అందే కారణం బయటపడేది కొద్దిమందిలోనే.

మాకు ఒకచోట వెంట్రుకలు, మూత్రం పరీక్ష చేసి, పేజీల కొద్దీ రిపోర్టు, సంచి నిండా సీసాలు ఇచ్చారు, పాలు, గోధుమలు మానిపించారు. ఏడాదిలో వాడి బరువు తగ్గింది, అంతే. మొదటి నెల మాత్రం మార్పు కనిపిస్తోందని నేనే అందరికీ చెప్పాను! 1999లో, ఆటిజానికి పనిచేస్తుందని ఆశపడ్డ సీక్రెటిన్ అనే జీర్ణ హార్మోన్ ఇంజెక్షన్ మీద సుమారు 60 మంది పిల్లలతో చేసిన ప్రయోగంలోనూ ఇదే జరిగింది. ఉత్తి ఉప్పునీళ్లు ఎక్కించిన పిల్లల్లోనూ దాదాపు అంతే మార్పు కనబడింది. ఆ ఫలితం చెప్పాక కూడా తల్లిదండ్రుల్లో 69 శాతం మంది మాకు సీక్రెటిన్ మీద ఆసక్తి ఉందనే అన్నారు. వాళ్లని చూసి నవ్వలేను, నేనూ ఆ లైన్లో నిలబడినవాడినే.

అందుకే నేను అడిగేది ఒక్కటే. ఈసారి ఇలాంటి వ్యాసం వేసినప్పుడు ఏ కారణం, ఎంతమంది పిల్లల్లో, ఏ పరీక్షతో తెలుస్తుంది, తెలిస్తే చేయగలిగింది ఏమైనా ఉందా అన్నది కూడా రాయించండి. ఈ ఉత్తరం వేస్తే ఆ వ్యాసం వచ్చిన పేజీలోనే వేయండి, ఆ వాక్యం చదివి ఫోన్ చేసినవాళ్ల కంటపడాలి.

ఇట్లు,
ఒక ఆటిజం బాబు తండ్రి